పాత కారు స్లోలో ఆగిపోతా ఉందా? వ్యాక్యూమ్ లీక్ ఇట్టా పట్టుకోండి

మారుతి 800, అంబాసిడర్ లాంటి పాత బండ్లు మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇంకా తిరగతానే ఉన్నాయి. హైవే మీద బాగానే పోద్ది, సెంటర్లో యాక్సిలరేటర్ మీద కాలు తీశామా ఇంజన్ వణికి ఆగిపోద్ది, లేదంటే స్లోలో పెట్టినా రయ్యిమని ఆర్పీఎం ఎక్కతా దిగతా ఉంటది. చాలాచోట్ల వెంటనే కార్బరేటర్ (పెట్రోలు, గాలి కలిపేది) స్క్రూ తిప్పి పంపిస్తారు, నాలుగు రోజులకి మళ్ళీ అదే కథ. లీక్ ఉందో లేదో చూడకుండా ఆ స్క్రూ మీద చెయ్యి వెయ్యబాకండి, నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

స్లోలో థ్రాటిల్, అంటే గాలి లోపలికి పోయే తలుపు, దాదాపు మూసుకునే ఉంటది కాబట్టి మ్యానిఫోల్డ్ (పెట్రోలు, గాలి మిక్చర్‌ని సిలిండర్లకి పంచే గొట్టాలు) లోపల వ్యాక్యూమ్, అంటే గాలిని లాగే పీల్పు, బాగా ఎక్కువ. ఏ పైపుకో చిన్న పగులున్నా బయటి గాలి దూరి మిక్చర్ పలచబడి మిస్సింగ్ కొడతది. స్పీడు మీద ఎట్టాగూ గాలి ఎక్కువే పోద్ది గనక ఆ కాస్త తేడా తెలీదు. రోహిణి కార్తె ఎండ, దానికి తోడు బానెట్ కింద వేడి, రబ్బరు ఎండిపోయి చివర్ల దగ్గరే ముందు పగలద్ది.

అన్నిటికన్నా ముందు బ్రేక్ చూడండి, ఎందుకంటే ఇది ప్రాణాల మీదకొచ్చే విషయం. బూస్టర్ (ఇంజన్ వ్యాక్యూమ్‌తో బ్రేక్‌కి బలమిచ్చే డబ్బా) ఉన్న బండైతే ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడినాక కాలు అట్టే పెట్టి స్టార్ట్ చెయ్యండి, పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బూస్టరో, దాని లావు పైపో, మధ్యలో వన్ వే వాల్వో తేడా ఉన్నట్టు. అది బాగయ్యేదాకా బండి బయటికి తియ్యబాకండి.

తర్వాత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి ఒక్కో పైపూ చేత్తో తడమండి. పైన నున్నగా కనపడేదే వంచి చూస్తే అడుగున సన్నగా చీలి ఉంటది, నిపుల్ (పైపు తొడిగే సన్న గొట్టం మొన) మీద ఎక్కే అర అంగుళం దగ్గర మరీ జాగ్రత్తగా చూడండి. ఊడిపోయిన పైపు, మూత లేని నిపుల్ కూడా ఇక్కడే దొరకతాయి.

ఇప్పుడు గేరు న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి స్టార్ట్ చెయ్యండి. మూరెడు రబ్బరు పైపు తీసుకుని ఒక చివర చెవి దగ్గర, రెండోది అనుమానం ఉన్న జాయింట్ల దగ్గర పెడతా పోతే లీకున్న చోట సుయ్‌మని స్పష్టంగా వినపడద్ది. ఫ్యాను, బెల్టులకి దూరంగా ఉండండి, కరెంటు ఫ్యాను ఉన్నట్టుండి తిరగద్ది. ఇట్టా దొరక్కపోతే ఒక్కో సన్న పైపు ప్లయర్‌తో మెల్లిగా నొక్కండి, ఏది నొక్కితే ఇంజన్ సర్దుకుంటదో ఆ లైన్లోనే దొంగ ఉన్నాడు.

కార్బరేటర్ కింద ప్యాకింగ్, మ్యానిఫోల్డ్ ప్యాకింగ్ దగ్గరైతే స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొద్దికొద్దిగా కొట్టండి, లోపలికి పీల్చినప్పుడు ఇంజన్ శబ్దం మారద్ది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకి కరెంటు పంచేది), ప్లగ్ వైర్లు తడవకూడదు. కొంతమంది పెట్రోలు చల్లతారు, అగరొత్తి పొగ పెడతారు, సైలెన్సర్ మ్యానిఫోల్డ్ పక్కనే కాలతా ఉంటే అది ఎంత ప్రమాదమో చెప్పాల్నా, ఆ పని అస్సలు చెయ్యబాకండి.

డిస్ట్రిబ్యూటర్‌కి పోయే వ్యాక్యూమ్ పైపు కార్బరేటర్ వైపు పీకి, చివర తుడిచి నోటితో గాలి లాగి నాలుకతో మూయండి. నాలుక అతుక్కుని అట్టే ఉంటే లోపలి డయాఫ్రమ్ (పలచని పొర) బాగున్నట్టు, వెంటనే వదిలేస్తే చినిగినట్టు. దీన్ని చూసేవాళ్ళు తక్కువ.

వ్యాక్యూమ్ గేజ్ దొరికితే ఇంకా మేలు. మనది సముద్రం ఒడ్డు ప్రాంతం, ఎత్తు తక్కువ, కాబట్టి మంచి ఇంజన్ స్లోలో సుమారు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య ముల్లు కదలకుండా చూపించాలి. ముల్లు తక్కువలోనే నిలబడిపోతే లీక్ అనుమానించండి, ప్లగ్‌లో నిప్పు పడే టైమింగ్ లేటుగా ఉన్నా ఇట్టాగే చూపిస్తది.

దొరికిన పైపుని గుంజి పీకబాకండి, నిపుల్ విరగద్ది, బ్లేడుతో పొడవునా గీరి తియ్యండి. పాత ముక్క జేబులో వేసుకుని ఆటోనగర్‌కి పోయి అదే సైజు వ్యాక్యూమ్ హోస్ అడగండి. అక్వేరియం పైపు వేస్తే వేడికి మెత్తబడి అతుక్కుపోద్ది. బూస్టర్‌కి మాత్రం దాని సొంత లావు పైపే, వాల్వు తిరగేసి బిగించకుండా చూసుకోండి, గాలి బూస్టర్ నుంచి ఇంజన్ వైపుకే పోవాలి. ప్యాకింగ్ మారిస్తే పాత ముక్కలు గీకి శుభ్రం చేసి బోల్టులు మధ్య నుంచి బయటికి కొంచెం కొంచెంగా బిగించండి, అల్యూమినియం కదా, ఒకేసారి బలం పెడితే మర పోద్ది.

ఇదంతా అయినాక ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, అప్పుడు స్లో స్క్రూ సెట్ చేసుకోండి.