అమ్మానాన్నలు బెంగళూరు చలికి వచ్చేముందు

పోయిన డిసెంబరులో నాన్న అనంతపురం నుంచి మారతహళ్లిలోని మా ఇంటికొచ్చారు. రెండో రోజుకే ముక్కు దిబ్బడ. నేను వేసుకునే జలుబు మాత్రల స్ట్రిప్‌లోంచి ఒకటి తుంచి ఇచ్చాను. ఆ రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కెళ్లినా చుక్క మూత్రం రాలేదు. తెల్లారాక ఆసుపత్రిలో ట్యూబు వేశారు. ఆయనకు ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపు ఉందని నాకు ముందే తెలుసు. మాత్రకూ దానికీ ముడి ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఆ మాత్రలో ఫినైలెఫ్రిన్ ఉంది. అడ్రినలిన్ జాతి మందు. ముక్కులో ఉబ్బిన రక్తనాళాలను బిగించడం దాని పని, కానీ మింగిన మందు ముక్కు దగ్గరే ఆగదు. మూత్రాశయం నుంచి మూత్రం బయటికొచ్చే దారినీ బిగించగలదు. తుమ్ములు తగ్గడానికి తోడుగా కలిపే క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయ కండరాన్ని మందగింపజేస్తుంది.

ఈ మందు బీపీనీ పెంచగలదు, ఆ సంగతి ఇంకొంచెం లోతైనది. ఇలాంటి మందులు, అడ్రినలిన్ వచ్చి తగులుకునే చోట్లను గ్రాహకాలంటారు. రక్తనాళాల్లో ఆల్ఫా గ్రాహకాలు బిగించేవి, బీటా గ్రాహకాలు వదులు చేసేవి. వయసు పెరిగేకొద్దీ బీటా స్పందన బాగా తగ్గుతుంది. పైగా మెడలోని ధమని గోడ గట్టిపడి, బీపీ పెరిగిందన్న కబురు మెదడుకు సరిగా అందదు. కుర్రాళ్లలో గుండె వెంటనే నెమ్మదించి సర్దేస్తుంది, పెద్దవాళ్లలో ఆ సర్దుబాటు బలహీనం. అందుకే మనకు ఏమీ చెయ్యని మోతాదు వాళ్ల బీపీని ఎక్కువగా లేపొచ్చు. ఇంతా చేసి, మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకు పనిచెయ్యదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే 2024లో చీటీ లేకుండా అమ్మే జలుబు మందుల్లోంచి దాన్ని తీసేయాలని ప్రతిపాదించింది.

కాబట్టి బీపీ, గుండెజబ్బు, ప్రోస్టేట్ వాపు, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లకు డాక్టర్ని అడగకుండా జలుబు మాత్ర ఇవ్వకండి. దిబ్బడకే వాడే మరో మందు సూడోఎఫెడ్రిన్ ఉన్నవైతే మరీ జాగ్రత్త. మాత్ర ఎవరికోసమో మెడికల్ షాపులో వాళ్లు అడగరు, మీరే చెప్పండి. ముందుగా ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు వాడి చూడండి. దిబ్బడ విడగొట్టే జైలోమెటాజొలిన్ చుక్కలు డాక్టర్ రాసినా అయిదు రోజులు దాటనివ్వకండి, దాటితే దిబ్బడ తిరగబెడుతుంది.

ప్రోస్టేట్‌కి టామ్‌సులోసిన్ వాడేవాళ్లకు ఇబ్బంది ఎదురువైపు నుంచి వస్తుంది. అది ఆల్ఫా గ్రాహకాలను అడ్డుకునే మందు కాబట్టి లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చోమనండి. నిలబడ్డ మూడు నిమిషాల్లో బీపీ పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడితే డాక్టర్‌కి చెప్పండి.

మూత్రం ఆగిపోయి పొత్తికడుపు బిగిస్తే మాత్రం అర్ధరాత్రయినా బయల్దేరండి. మేం తెల్లారేదాకా ఆగాం. నాన్న ఆ అయిదు గంటలూ గోడ పట్టుకుని నిలబడే ఉన్నారు.