లేబుల్ మీద ఎరుపు, నాణెం మీద గోధుమ

స్లాబ్‌లో, అంటే నాణెం నాణ్యత తేల్చే (గ్రేడింగ్) సంస్థ సీలు వేసిన ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న రాగి నాణెం కొంటుంటే లేబుల్ మీది ‘ఆర్‌డీ’ (రెడ్) ఒక్కటే చూసి డబ్బు పెట్టేయకండి. టంకశాల నుంచి వచ్చిన ఎరుపు 95 శాతమైనా మిగిలితేనే ఆర్‌డీ. ఎరుపు, గోధుమ కలిసుంటే ఆర్‌బీ (రెడ్ బ్రౌన్). కానీ లేబుల్ చెప్పేది గ్రేడింగ్ రోజు నాటి రంగు. ఆ ప్లాస్టిక్ పెట్టెలోకి గాలి, తేమ దూరుతూనే ఉంటాయి. 2010 జనవరి 1 తర్వాత గ్రేడ్ చేసిన రాగి నాణేల రంగుకు అమెరికా గ్రేడింగ్ సంస్థ పీసీజీఎస్ గ్యారంటీయే ఇవ్వదు.

లేబుల్ మీది సర్టిఫికెట్ నంబరుతో వెతికినప్పుడు పాత ఫొటో దొరికితే పక్కన పెట్టి పోల్చండి. అక్షరాల చుట్టూ ముదురు నీడ గానీ, సూది మొనంత నల్ల చుక్క గానీ కనిపిస్తే ఆర్‌బీ ధరకే బేరమాడండి. కొన్నాక గాలి చొరని డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. ఆ పొట్లం మార్చడం నేనే మర్చిపోతుంటాను, అది వేరే సంగతి.