డిజైన్ టూల్ నచ్చిందా? ముందు ‘రాష్ట్రం’ అని టైపు చేసి చూడండి

ఉగాది సంచికో, బడి పత్రికో సొంతంగా వేసుకోవాలనుకునే ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇది: ఆన్‌లైన్ టూల్‌లో టెంప్లేట్ ముచ్చటగా ఉంటుంది, మన మ్యాటర్ పెట్టగానే ఒత్తులు చెదిరిపోతాయి.

కాన్వా, అడోబీ ఎక్స్‌ప్రెస్ రెండింటికీ ఉచిత ఖాతా ఉంది. ఏది తెరిచినా టెంప్లేట్లు తిరగేస్తూ కూర్చోకండి. ఖాళీ ఎ4 పేజీలో ‘రాష్ట్రం, జ్యోత్స్న, సూక్ష్మం’ అని మీరు వాడబోయే ఫాంటులోనే టైపు చేయండి. కింద ఒక ఒడియా వాక్యం కూడా చేర్చండి; మన సంచికల్లో ఒడియా శుభాకాంక్షలు ఎలాగూ ఉంటాయి. పీడీఎఫ్‌గా దించుకుని మరో ఫోనులో పెద్దది చేసి చూడండి. ‘ష’ కింద ట ఒత్తు, ర ఒత్తు రెండూ కుదురుగా ఉంటే ఆ టూల్ పనికొస్తుంది. విడిపోయినా, డబ్బాలు కనిపించినా ఫాంటు మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే వదిలేయండి. డబ్బు అడిగే బొమ్మలేవో, వాటర్‌మార్క్ పడుతుందో లేదో కూడా దించుకునేటప్పుడే తేలిపోతుంది.

శీర్షికలకు ‘గిడుగు’ ఫాంటు దొరికితే వాడండి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి పేరే దానికి పెట్టారు. వ్యాసాలకు మాత్రం వద్దు, చదవడం కష్టం. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు 16, 20 ఇలా నాలుగు గుణిజంలో ఉండాలి.

రచయితలు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో పంపిన మ్యాటర్‌కు ఈ పరీక్ష పనిచేయదు. ముందుగా ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే యూనికోడ్ లిపిలోకి మార్చి, ప్రూఫు మళ్లీ చదవాల్సిందే.