పదవి నుంచి కంపెనీకి – పత్రాలు చదివే విద్య
3వ పాఠం: గీతకు పైనా, కిందా

ప్రభుత్వ పత్రాలు ఎక్కడ దొరుకుతాయో మొదటి పాఠంలో చూశాం. ఆరోపణకూ, నేరాంగీకారానికీ, తీర్పుకూ ఉన్న తేడా రెండో పాఠంలో తెలుసుకున్నాం. ఈ వారం అసలు పనిలోకి దిగుదాం. ఒక పెద్ద అధికారి పదవి వదిలి, నిన్నటిదాకా తన సంతకం కోసం ఎదురుచూసిన కంపెనీలోనే చేరితే, అందులో తప్పు ఉందా లేదా అన్నది తేదీలతో తేల్చాలి.

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో అడ్డంగా గీత గీయండి. ఆ అధికారి పదవిలో ఉండగా చేసిన పనులు గీతకు పైన రాయాలి. బేరాలు, టెండర్ల ఎంపికలు, సంతకాలు అక్కడికి వస్తాయి. ఉద్యోగ ప్రస్తావనలు, విడిగా జరిగిన భేటీలు, ఈమెయిళ్లు, జీతం మాటలు గీతకు కింద రాయాలి. ప్రతిదాని పక్కనా తేదీ, అది ఏ పత్రంలో ఉందో కూడా ఉండాలి.

అభ్యాసానికి అమెరికా వైమానిక దళంలో కొనుగోళ్లు చూసిన డార్లీన్ డ్రూయన్ ఉదంతం తీసుకుందాం. 1993 నుంచి 2002 దాకా ఆ విభాగంలో ఆమె మాటకు తిరుగులేదు. పెద్ద పెద్ద రక్షణ కంపెనీలు కూడా ఆమె దగ్గర జాగ్రత్తగా మసలుకునేవి. 2003 జనవరిలో ఆమె బోయింగ్‌లో ఉపాధ్యక్షురాలిగా చేరారు.

ముందు గీతకు పైన నింపండి. ఎగురుతున్న విమానాలకు గాల్లోనే ఇంధనం నింపే ట్యాంకర్ విమానాలను బోయింగ్ నుంచి 100 దాకా లీజుకు తీసుకోవాలని వైమానిక దళం 2002లో బేరాలు సాగిస్తోంది. అది 2,000 కోట్ల డాలర్లు దాటే వ్యవహారం. ఆ బేరాల్లో ప్రభుత్వం వైపు ముఖ్యురాలు డ్రూయన్.

ఇప్పుడు గీతకు కింద. 2002 సెప్టెంబరులో, అప్పటికే బోయింగ్‌లో పనిచేస్తున్న ఆమె కూతురు కంపెనీ ఆర్థిక విభాగాధిపతి మైకేల్ సియర్స్‌కు తల్లి ఉద్యోగం గురించి ఈమెయిల్ రాసింది. అక్టోబరు 17న సియర్స్, డ్రూయన్ ఓర్లాండోలో కలుసుకున్నారు. మర్నాడు సియర్స్ కంపెనీ పెద్దలకు సందేశం పంపుతూ ఆ భేటీని 'భేటీ కాని భేటీ' అన్నాడు. ఉద్యోగం, ఊరు, జీతం విషయాల్లో ఆమె సుముఖంగానే ఉన్నారని అందులో చెప్పాడు. బోయింగ్ వ్యవహారాల నుంచి తప్పుకుంటున్నట్టు డ్రూయన్ రాతపూర్వకంగా తెలిపింది నవంబరు 5న.

చాలామంది ఎర్ర పెన్సిలుతో 2003 జనవరిని చుడతారు. అది తప్పు చోటు. కొన్ని షరతులకు లోబడి, పదవి వదిలాక కంపెనీలో చేరడాన్ని అమెరికా చట్టం అనుమతిస్తుంది. ఉద్యోగం గురించి ఒక కంపెనీతో మాట్లాడుతూనే ఆ కంపెనీకి సంబంధించిన ప్రభుత్వ పనిలో పాల్గొనడాన్నే నేరం అంటుంది. డబ్బు చేతులు మారిందని రుజువు చేయాల్సిన అవసరం కూడా లేదు. కాబట్టి చుట్టాల్సింది నవంబరు 5కు ముందున్న ఆ కొద్ది వారాలను. గీతకు పైనా కిందా ఒకే కంపెనీ పేరు, ఒకే కాలం ఉన్న చోటు అదే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు ఆపకండి. గీతను వెనక్కి పొడిగించి, కింది భాగంలో కుటుంబ సభ్యుల ఉద్యోగాలకూ చోటివ్వండి. డ్రూయన్ 2004 ఏప్రిల్‌లో నేరం ఒప్పుకున్నప్పుడు, ఉద్యోగ సంభాషణలు తప్పేగానీ బోయింగ్‌కు ఏ మేలూ చేయలేదన్నారు. ఆ తర్వాత అబద్ధాలు పట్టే పాలిగ్రాఫ్ పరీక్షలో ఆమె మాట నిలబడలేదు. అక్టోబరులో శిక్ష ఖరారయ్యేనాటికి సంగతి మారిపోయింది. ట్యాంకర్లకు తగినదానికంటే ఎక్కువ ధరకు ఒప్పుకున్నాననీ, అది వెళ్లిపోతూ బోయింగ్‌కు ఇచ్చిన కానుక లాంటిదనీ అంగీకరించారు. డ్రూయన్ కోరిక మీద బోయింగ్ 2000లో ఆమె కూతురికీ, కాబోయే అల్లుడికీ ఉద్యోగాలిచ్చింది. సీ-130 అనే సైనిక రవాణా విమానాల ఆధునికీకరణ పని 2001లో బోయింగ్‌కు దక్కేలా చూడటంలో ఆ కృతజ్ఞత పనిచేసిందనీ ఒప్పుకున్నారు. దాని విలువ సుమారు 400 కోట్ల డాలర్లు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ పద్దే. పోటీలో ఓడిన కంపెనీల ఇంజనీర్లు రాత్రింబవళ్లు కష్టపడి ప్రతిపాదనలు తయారు చేసి ఉంటారు. వాటిని తూచిన చేయి అప్పటికే ఒక వైపు ఒరిగి ఉంది.

పత్రాల విలువ కట్టడంలో ఈ ఉదంతం ఇంకో మెలకువ కూడా నేర్పుతుంది. డ్రూయన్ తన సొంత నోటు పుస్తకాన్ని దర్యాప్తు అధికారులకు ఇచ్చారు. అందులో కొన్ని నమోదులు తర్వాత మార్చినవీ, చేర్చినవీ అని ఆమే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈమెయిల్ అలా కాదు. దాని నకలు అవతలివాళ్ల దగ్గర కూడా ఉంటుంది. అందువల్ల ఒకరి చేతుల్లోనే ఉండే పత్రం నుంచి తీసుకున్న తేదీ పక్కన చిన్న చుక్క పెట్టండి. రెండో ఆధారం దొరికాకే ఆ చుక్క చెరపాలి.

ఆ తర్వాతి కథ క్లుప్తంగా: డ్రూయన్‌కు 9 నెలల జైలు, సియర్స్‌కు 4 నెలల జైలు, 2,50,000 డాలర్ల జరిమానా. ట్యాంకర్ల లీజు రద్దయింది. ఈ వ్యవహారాన్నీ, పోటీ కంపెనీ పత్రాలకు సంబంధించిన మరో వివాదాన్నీ కలిపి పరిష్కరించుకోవడానికి బోయింగ్ 2006లో 61.5 కోట్ల డాలర్లు చెల్లించింది.

ఇంటిపని: పదవి వదిలి కాంట్రాక్టు కంపెనీలో చేరిన ఒక అధికారి ఉదంతం మీరే ఎంచుకోండి. తీర్పో, ఆడిట్ నివేదికో బయటికి వచ్చినదై ఉండాలి. గీతకు పైన కనీసం మూడు, కింద మూడు తేదీలు నింపండి. దొరకని తేదీని ఊహించి రాయకండి, ఆ చోటు ఖాళీగా వదలండి. పైనా కిందా ఏమీ కలవకపోతే ఆ మాట కూడా కాగితం అడుగున రాయండి. అది ఆ అధికారికి దక్కాల్సిన న్యాయం. వచ్చే పాఠంలో కాంట్రాక్టు ధర చివరి దశలో ఎందుకు పెరిగిందో పట్టుకోవడానికి బేరాల నివేదికలు చదువుతాం. ఈ కాగితం అప్పుడు మీ దగ్గర ఉండాలి.