అమ్మానాన్నలతో అమెరికా రోడ్ ట్రిప్: రాత్రికి హోటలా, మోటెలా?

రెండిటికీ అసలు తేడా గది తలుపు దగ్గరే ఉంది. మోటెల్‌లో తలుపు తీస్తే ఎదురుగా పార్కింగే, కారు గుమ్మం ముందే ఆగుతుంది. హోటల్‌లో అయితే లాబీ, లిఫ్ట్, లోపల పొడుగాటి వరండా దాటాకే గది. మోటెల్ అన్న మాట మోటార్, హోటల్ కలిసి పుట్టిందే, ఆ పేరుతో మొదటిది 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో తెరిచారు, కారులో దూరాలు వెళ్లేవాళ్ల కోసం.

కాబట్టి రాత్రి పడుకుని పొద్దున్నే బయల్దేరేదైతే మోటెల్ చాలు, ఊళ్లోనే రెండు మూడు రోజులుండి తిరిగేదైతే హోటల్ తీసుకోండి. గ్రాండ్ కాన్యన్‌కి వెళ్తూ కింగ్‌మన్‌లోనో విలియమ్స్‌లోనో ఆగడానికి హోటల్ అక్కర్లేదు. లాస్ వేగాస్‌లో మాత్రం గది అద్దె ఒక్కటే చూసి మురిసిపోకండి, చాలా హోటళ్లు రిసార్ట్ ఫీజు అని విడిగా వేస్తాయి, పెద్ద ఊళ్లలో పార్కింగ్ కూడా విడిగానే కట్టాలి. మోటెల్‌లో పార్కింగ్ మామూలుగా ఫ్రీ.

పెద్దవాళ్లుంటే ఒక్క విషయం మర్చిపోవద్దు. రెండంతస్తుల మోటెళ్లలో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, మెట్లు బయటే ఉంటాయి. ఒకసారి నేను అడక్కుండా బుక్ చేస్తే పైన గది ఇచ్చారు, మోకాళ్ల నొప్పులున్న నాన్న రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతుంటే వెనక సూట్‌కేస్ మోస్తూ నాకు చాలా బాధేసింది. అప్పట్నుంచి బుక్ చేశాక ఫోన్ చేసి "గ్రౌండ్ ఫ్లోర్, నాన్ స్మోకింగ్, రెండు క్వీన్ బెడ్లు" అని చెప్పి రాయించుకుంటున్నాను.

గదికెళ్లగానే సామాను దించకండి. ముందు దుప్పటి ఎత్తి, ఫోన్ లైట్ వేసి పరుపు మూలల్లో కుట్ల వెంబడి చూడండి, నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులున్నట్టే, వేరే గది అడగండి. హోటలైనా సరే ఇది చూడాల్సిందే. తలుపు లోపలి గడియ సరిగ్గా పడుతోందా అన్నది మోటెల్‌లో మరీ ముఖ్యం, బయట ఎవరైనా నడిచి వెళ్లే చోటు కదా. రాత్రి కారులో బ్యాగులు, పాస్‌పోర్టులు ఉంచకండి.

చెకిన్‌లో డిపాజిట్‌కి క్రెడిట్ కార్డే ఇవ్వండి, డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు కొన్ని రోజులు ఇరుక్కుపోతుంది. ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయో లేదో కూడా బుక్ చేశాక చేసే ఆ ఫోన్‌లోనే అడిగేయండి. ఉంటే పెరుగన్నం, పులిహోర పట్టుకెళ్లొచ్చు, గదిలో స్టవ్ పెట్టి పోపు మాత్రం వేయకండి, స్మోక్ అలారం మోగుతుంది.