రాయలేక తంటాలు పడే పిల్లలకు టైపింగ్ ఇలా అలవాటు చేయండి

అడిగితే నోటితో టకటకా చెప్పేస్తారు, పెన్సిల్ ఇస్తే మాత్రం రెండు లైన్లకే చెయ్యి నొప్పంటారు. అలాంటి పిల్లలది బద్ధకం అనేయకండి, డిస్‌గ్రాఫియా (చేతిరాతలో ఇబ్బంది పెట్టే లోపం) అయి ఉండొచ్చు. హోంవర్క్‌ని రెండుగా విడదీయండి. వ్యాసం, కథ లాంటి ఆలోచించి రాసేవి టైప్ చేయనివ్వండి. చేతిరాత విడిగా, రోజుకు 10 నిమిషాలు చాలు.

తెలుగుకైతే ఇంగ్లీషు అక్షరాలు కొట్టే పద్ధతి వద్దు, తెలుగు అక్షరాలే కనిపించే కీబోర్డు పెట్టండి. ‘జిల్లా’ కొట్టాలంటే జ, గుడి, ల, పొల్లు, మళ్లీ ల, దీర్ఘం. ఒత్తు ఎక్కడ ఇరికించాలి, ఎంత సైజులో రాయాలి అన్న టెన్షన్ ఉండదు. కానీ ఏ ఒత్తు అనేది మాత్రం పిల్లలే తేల్చుకోవాలి. సజెషన్లు ఆపేయండి, లేదంటే రెండక్షరాలకే మాట మొత్తం ప్రత్యక్షమవుతుంది!

మొదట్లో కీలు వెతుక్కోవడానికే టైమంతా పోతుంది. అందుకే పరీక్షల ముందు కాకుండా వేసవి సెలవుల్లో మొదలుపెట్టడం మేలు.

చిన్న తరగతుల్లో చేతిరాత మానిపించొద్దు. ప, వ, మ లాంటి పోలికలున్న అక్షరాల తేడా దిద్దితేనే బాగా పట్టుబడుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్‌గ్రాఫియాను కూడా గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (చెబుతుంటే రాసిపెట్టే మనిషి) అడగొచ్చు. సీబీఎస్‌ఈ కంప్యూటర్‌పై టైప్ చేయడానికీ వీలిచ్చింది. పదో తరగతి దాకా ఆగకుండా ఎనిమిదిలోనే స్కూల్లో ఈ మాట కదపండి.