సైకిల్ గ్రూప్‌తో హట్టి బంగారు గనుల దాకా నాలుగు రోజుల యాత్ర ఎలా చేయాలి?

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే గండిపేట దాకా తొక్కి, ఇడ్లీ తిని, పదింటికల్లా ఇల్లు చేరే సైకిల్ గ్రూపులకు కొదవ లేదు. అలాంటి గ్రూపు ఒక్కసారైనా చేయాల్సిన యాత్ర ఒకటుంది. మహబూబ్‌నగర్ నుంచి బయల్దేరి, కృష్ణ దాటి, రాయచూరు మీదుగా హట్టి బంగారు గనులకు, అక్కణ్నుంచి మస్కిలోని అశోకుడి శాసనం దగ్గరికి. నాలుగు రోజులు, సుమారు 230 కిలోమీటర్లు.

బంగారు గని అనగానే అందరూ కోలారే అంటారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. హట్టి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. పైగా అది ఒకప్పుడు మనదే. ఆ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండగా, 1947లో ఆ కంపెనీ పుట్టినప్పటి పేరు హైదరాబాద్ గోల్డ్ మైన్స్. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి (ఇప్పటి కర్ణాటక) వెళ్లింది, తర్వాత కంపెనీ పేరూ మారింది.

ముందు ఎవరితో లెక్క వేయాలి?

గ్రూపులో అందరికంటే నెమ్మదిగా తొక్కే మనిషితో. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

మా మొదటి యాత్రలో రోజుకు 120 కిలోమీటర్లు పెట్టుకున్నాం. బాగా తొక్కేవాళ్లు ముందుకు వెళ్లిపోయారు. సాయంత్రం లెక్క చూసుకుంటే ఒక అక్క లేదు. వెనక్కి వెళ్లి చూస్తే దేవరకద్ర అవతల వేపచెట్టు కింద, సైకిల్ పక్కన పడుకోబెట్టి కూర్చుని ఉంది. ఖాళీ బాటిల్ ఒళ్లో పెట్టుకుంది. ఒక్క మాట కూడా అనలేదు. అలా ఏమీ అనకపోవడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ రోజు నుంచి మా గ్రూపులో వెనక ఒకరు తప్పనిసరి. ఆ మనిషిని స్వీపర్ అంటాం. చిట్టచివరి సైకిల్‌ని దాటి స్వీపర్ ముందుకు రాకూడదు. ముందున్నవాళ్లు ప్రతి 10 కిలోమీటర్లకూ ఆగాలి. స్వీపర్ వచ్చాక, ఆఖరున వచ్చినవాళ్లు నీళ్లు తాగి, ఐదు నిమిషాలు కూర్చున్నాకే కదలాలి. వాళ్లు రాగానే బయల్దేరితే అందరూ రెస్ట్ తీసుకున్నట్టు, వాళ్లొక్కరే తీసుకోనట్టు అవుతుంది.

పది నుంచి పదిహేను మంది చాలు. అంతకు మించితే రెండు జట్లు చేయండి.

ఎప్పుడు, ఎటు?

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. రాయచూరు ఎండ సంగతి తెలిసినవాళ్లు మార్చి దాటాక అటు సైకిల్ ఎక్కరు. వానాకాలమూ వద్దు. అక్కడ నల్లరేగడి తడిస్తే చక్రానికీ బ్రేకుకూ మధ్య ముద్దలా పట్టి సైకిల్ కదలదు. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది. మనం వెళ్లేది నైరుతికి కాబట్టి వెన్నుగాలి దొరుకుతుంది. అందుకే వెళ్లేటప్పుడు తొక్కి, వచ్చేటప్పుడు బండిలో రావాలి. రానూపోనూ తొక్కుదాం అనే ఉత్సాహవంతుడు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. ఆ మాట అప్పుడే ఆపించండి.

హైదరాబాద్ నుంచి జడ్చర్ల దాకా హైవే మీద గ్రూపుగా తొక్కడం నాకు ఇష్టం లేదు. లారీలు, బస్సులు, స్పీడు. సైకిళ్లను ముందు రాత్రే డీసీఎం వ్యానులో మహబూబ్‌నగర్ పంపించి, మనుషులు తెల్లవారుజామున కాచిగూడ నుంచి రైల్లో వెళ్లడం మేలు. అదే డీసీఎం నాలుగు రోజులూ వెంట ఉంటే సామాను మోసే పని ఉండదు, అలసినవాళ్లు ఎక్కి కూర్చోవచ్చు. డ్రైవరన్న భోజనం, బస మన ఖర్చులోనే రాసుకోండి. బేరం అయ్యాక గుర్తొస్తే బాగోదు.

ఆరు వారాల ముందు నుంచి

శని, ఆదివారాలు రెండు రోజులూ వరసగా తొక్కండి. ఒక రోజు 60 కిలోమీటర్లు ఎవరైనా తొక్కేస్తారు. మర్నాడు మళ్లీ సీటు మీద కూర్చోవడమే అసలు పరీక్ష. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో వచ్చింది. కొత్తవాళ్లకు అది మంచి చోటు. కానీ గతుకులు, ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు అలవాటు కావాలంటే చేవెళ్ల వైపు పల్లెదారులు పట్టాల్సిందే.

సైకిల్ ఖరీదైనది కానక్కర్లేదు. కొంచెం వెడల్పు టైర్లున్న గేర్ సైకిల్ చాలు. మనిషికి రెండు ట్యూబులు, గాలి పంపు, హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, రిఫ్లెక్టర్ జాకెట్.

పంక్చర్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఆ దారిలో మన శత్రువు గాజుపెంకు కాదు, పల్లేరుకాయ. చాయ్ కోసం ఆగి సైకిల్‌ని గడ్డిలోకి తోస్తే చాలు, నాలుగైదు అంటుకుంటాయి. ట్యూబు మార్చేముందు టైరు లోపలి వైపంతా పరీక్షించాలి. ముల్లు బయట విరిగిపోయి, మొన మాత్రం రబ్బరులో దాక్కుని ఉంటుంది. వేలికి అందదు. పాత నూలు గుడ్డతో టైరు లోపల మెల్లగా తుడవండి. ఎక్కడ దారం తగులుకుందో అక్కడ మొన ఉన్నట్టు. పిన్నీసుతో పొడిచి బయటికి తోసేయండి. ఇది చేయకుండా కొత్త ట్యూబు వేస్తే అర కిలోమీటరు పోకముందే మళ్లీ గాలి పోతుంది.

రోజువారీ దారి

మొదటి రోజు మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, మరికల్ మీదుగా మక్తల్. 65 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎండ ముదరకముందే సగం దాటేయాలి. బస ముందే ఫోన్లో మాట్లాడుకోండి, సైకిళ్లు లోపల పెట్టుకోనిస్తారో లేదో కూడా అడగండి.

రెండో రోజు రాయచూరు, 40 కిలోమీటర్లే. కావాలనే తక్కువ పెట్టాను. కృష్ణా నది వంతెన దగ్గర లారీల రద్దీ ఉంటుంది. రాకపోకలు ఎలా ఉన్నాయో మక్తల్‌లోనే అడిగి, వంతెన మీద ఒకరి వెనక ఒకరు వెళ్లండి. ఫొటోలు దాటాక తీసుకోవచ్చు. మధ్యాహ్నం రాయచూరు కోటకు. 1294 నాటి తెలుగు శాసనం అక్కడ ఒక భారీ రాతి పలక మీద ఉంది. పలక నలభై అడుగులకు పైగా పొడవు ఉంటుంది. అంత రాయిని బండి మీద ఎలా లాక్కొచ్చారో ఆ గోడ మీదే బొమ్మ చెక్కారు. దున్నపోతుల వరసను వేలితో చూపిస్తూ మా గ్రూపు పిల్లాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, అందరం వాడితో పాటు లెక్కపెడుతూ నిలబడిపోయాం. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూర్ సుల్తాను ఆదిల్‌షా మీద గెలిచిన యుద్ధం ఈ ఊరి కోసమే.

మూడో రోజు పెద్దది: రాయచూరు నుంచి హట్టి, అక్కణ్నుంచి లింగసుగూరు. 95 కిలోమీటర్లు అవుతుంది. పత్తి చేలు, జొన్న చేలు, నీడ తక్కువ. తలా మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్, పల్లీ పట్టీలు దగ్గర ఉంచుకోండి. భాష గురించి టెన్షన్ వద్దు. తెలుగు అర్థమయ్యేవాళ్లు దారి పొడవునా తగులుతారు, 'అన్నా' అన్న పిలుపు రెండు భాషల్లోనూ ఒకటే. 'నీరు కొడి' అంటే నీళ్లిస్తారు. మధ్యాహ్నం జొన్న రొట్టె, ఎణ్ణెగాయి (గుత్తివంకాయ) కూర. రొట్టె వేడిగా ఉన్నప్పుడే తినండి, ఆరితే రుచి మారిపోతుంది.

హట్టి దగ్గర ఏం చూడాలి, ఏం చేయకూడదు?

గని టూరిస్టు స్పాట్ కాదు. లోపలికి వెళ్లాలంటే కంపెనీకి నెలల ముందే ఉత్తరం రాసి అనుమతి అడగాలి. రాకపోతే గేటు దగ్గర బతిమాలొద్దు. బయటి నుంచి చూసినా చాలా తెలుస్తుంది. గనిలో దిగే చోట నిలబెట్టిన ఎత్తైన ఇనుప చట్రం, దాని చుట్టూ పెరిగిన కార్మికుల ఊరు. దారి పక్కన ఆకుపచ్చ ఛాయ కలిసిన నల్లరాయి, మధ్యలో తెల్లటి పలుగురాయి చారలు కనిపిస్తే ఆగండి. బంగారం ఉండేది అలాంటి చారల్లోనే. టన్ను రాయి పిండిచేస్తే వచ్చేది కొద్ది గ్రాములే.

రెండు వేల ఏళ్ల కిందటే ఇక్కడ జనం వందల అడుగుల లోతుకు తవ్వారు. మందుగుండు లేదు. రాయి పక్కన కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు. కాగిన రాయి మీద నీళ్లు కొడితే బీటలిచ్చేది. అలా బెత్తెడు బెత్తెడుగా కిందికి వెళ్లారు. పైకి తెచ్చిన రాయిని బండల మీద దంచారు, తిరగలి రాళ్లతో నూరారు. దంచీ దంచీ గుంతలు పడిన బండలు ఈ సీమలో ఉన్నాయి. అలాంటి గుంతలో అరచెయ్యి పెట్టి చూడండి, లోపల అద్దంలా నున్నగా ఉంటుంది.

పాత గోతుల అంచుకు వెళ్లొద్దు, మట్టి విరిగిపడుతుంది. బూడిదరంగు ఇసుక దిబ్బల మీదికి సైకిల్ ఎక్కించొద్దు. అది రాయిలోంచి బంగారం తీశాక మిగిలిన పొడి. బంగారం తీయడానికి సైనైడ్ వాడతారు. ఆ చుట్టుపక్కల చెరువు నీళ్లు బాటిల్‌లో పట్టుకోవద్దు, ముఖం కూడా కడుక్కోవద్దు.

నాలుగో రోజు పొద్దున మస్కి, 30 కిలోమీటర్ల లోపే. 1915లో బంగారం వెతుకుతూ తిరిగిన బీడన్ అనే గనుల ఇంజనీరుకు కొండ దగ్గర బండ మీద బ్రాహ్మీ అక్షరాలు కనిపించాయి. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో రాజు 'దేవానాంప్రియుడు', 'ప్రియదర్శి' మాత్రమే. ఇక్కడ మొదటిసారి 'అశోక' అన్న పేరే దొరికింది. ఆ రాజు అశోకుడే అన్న మాట ఖాయమైంది ఈ బండతోనే. గుంపుగా ఎగబడకుండా ఇద్దరిద్దరుగా వెళ్లి చూడండి, రాతి మీద చెయ్యి వేయొద్దు.

తిరుగు ప్రయాణానికి మస్కిలోనే సైకిళ్లు డీసీఎం ఎక్కించండి. పెడళ్లు విప్పి సంచిలో వేసి, ఒక్కో సైకిల్ మధ్య పాత దుప్పటి పెట్టి, హ్యాండిల్ ఒకటి అటు, ఒకటి ఇటు వచ్చేలా నిలబెట్టి తాడుతో కట్టాలి. గేరు చక్రాలున్న వైపు మరో సైకిల్ ఒరగకూడదు. ఇంటికి రాగానే చైన్‌ని కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో తోమండి. నల్లరేగడి దుమ్ము నూనెతో కలిసి ఎండితే వారం తర్వాత ఎంత తోమినా రాదు.